రెండు కంపెనీల మధ్య అంగాళమ్మ

అంగాళమ్మ నాకు పరిచయమైంది తిట్లతోనే. హోసూరు బాగలూరు రోడ్డులో ఒక కంప్యూటర్ సామాన్ల షాపులో నేను కౌంటర్ మీద కూర్చుంటాను. మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆమె లోపలికి వచ్చి, చూపుడు వేలంత లోహపు ముక్కను నా ముందున్న గాజు మీద టక్కున పెట్టింది.

“దీన్ని అమ్మింది నువ్వేనా?”

“నేనేనక్కా.”

“ఏ స్విచ్చికైనా పడుతుందని చెప్పినావా లేదా?”

“చెప్పినాను.”

“పెట్టి చూసినావా ఎప్పుడన్నా?”

చూడలేదు. అన్నీ ఒకటేనని హోల్‌సేల్ వాడు నాకు చెప్పాడు, అదే మాట నేను ఆమెకు చెప్పాను. సరుకు అమ్మేవాళ్ళలో సగం మందిమి ఇలాగే బతుకుతున్నాం, దాచుకోవడానికేముంది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసి వచ్చిన నాకు ఆ ముక్క లోపల ఏముందో తెలియదు. పదో తరగతి తప్పిన ఆమెకు తెలుసు. ఆ రోజు కౌంటర్ ముందే నిలబడి నాకు పాఠం చెప్పింది. వెనకాల మౌస్ కొనడానికి వచ్చిన ఇద్దరు కూడా నిలబడి విన్నారు.

ఆ ముక్కను మాడ్యూల్ అంటారు. ఆఫీసుల్లో కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే పెట్టెను స్విచ్ అంటారు. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు దూరం ఎక్కువైతే రాగి తీగ పనికిరాదు, గాజు పోగు వేయాలి. దాంట్లో పోయేది కరెంటు కాదు, వెలుగు. ఇవతల కరెంటును వెలుగు చేసి పంపేదీ, అవతల వెలుగును తిరిగి కరెంటు చేసేదీ ఈ మాడ్యూలే. అందుకే రెండు చివర్లా రెండు కావాలి.

“విను. రెండు తట్లా వెలుగు ఒకే రకం ఉండాల. వేగం ఒకటే ఉండాల. పోగులో సన్నది వేరే, లావుది వేరే. పసుపు రంగు తొడుగు ఉంటే సన్నది, దానికి తగిన మాడ్యూలే పెట్టాల. ఈ మూడూ వెలుగు సంగతి. నాలుగోది కంపెనీవాళ్ళ మెలిక. నువ్వు ఆడనే ముంచినావు నన్ను.”

నాలుగోది ఏమిటంటే, ప్రతి మాడ్యూల్ లోపలా తన కంపెనీ పేరు రాసి ఉంటుంది. స్విచ్ ముందు ఆ పేరు చదువుతుంది. తన వాళ్ళ పేరు కాకపోతే కొన్ని స్విచ్‌లు ఆ మాడ్యూల్‌ను పని చేయనివ్వవు. లోపలి వెలుగు ఎంత బాగున్నా సరే.

“మా నాయన గొర్రెల మందలో తల్లి చచ్చిన పిల్ల ఒకటి ఉంటే, పిల్ల చచ్చిన తల్లి దగ్గరికి తోలేవాడు,” అంది అంగాళమ్మ. “ఆ తల్లి మూతి పెట్టి వాసన చూసి తన్నేది. అప్పుడు మా నాయన చచ్చిన పిల్ల తోలు తీసి ఈ పిల్ల మీద కప్పేవాడు. రెండు దినాలు అట్లనే. ఆ పైన తోలు తీసేసినా పాలిచ్చేది. ఈ పెట్టెలు కూడా అంతే. ఆకలీ పాలూ అన్నీ సరిగ్గానే ఉండాయి, వాసన ఒకటే తకరారు.”

మౌస్ కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకాయన “మరి దీనికి తోలు యాడ దొరుకుతుందమ్మా?” అని అడిగాడు.

“ఆ పేరు మార్చి రాసే మిషన్ ఒకటి ఉండాది, అరచేతిలో పడుతుంది. ఇంత పెద్ద షాపు పెట్టుకోని అది పెట్టుకోలేదు వీళ్ళు,” అంది నన్ను చూపిస్తూ.

ఆమె పోరు పడలేక నెల తిరక్కముందే మా ఓనర్ ఆ మిషన్ తెప్పించాడు. అప్పటి నుంచి ఆమె కొనే ప్రతి మాడ్యూల్‌కీ ఏ స్విచ్‌లో పెట్టబోతోందో అడిగి, ఆ కంపెనీ పేరు రాసి ఇస్తున్నాను. ఆమె దగ్గర రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి ఉంటుంది. ఏ పెట్టె ఏ మాడ్యూల్‌ను ఒప్పుకుంది, ఏది తోసేసింది, ఏది ఒప్పుకున్నట్టు నటించి రెండో రోజు చచ్చింది, అన్నీ రాసి పెట్టుకుంటుంది. సగం తెలుగు, సగం తమిళం. అట్టలు మెరిసే కంపెనీ పుస్తకాలు కూడా చూశాను నేను. వాటిలో పక్క కంపెనీ అనేది లోకంలో లేనట్టే రాస్తారు.

ఆమెది బేరిగై అనే ఊరు. పదిహేనేళ్ళు వచ్చేదాకా గొర్రెల వెంట తిరిగింది. పెళ్ళయ్యాక హోసూరు సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేటలో బండ్లకు వైర్ల కట్టలు కట్టే లైన్‌లో తొమ్మిదేళ్ళు నిలబడింది. కాంట్రాక్టు అయిపోయిందని ఒక శనివారం గేటు దగ్గరే కార్డు తీసుకున్నారట. తర్వాత రోడ్డు పక్కన ఫైబర్ గుంతలు తవ్వే పనికి వెళ్ళింది. గుంత తవ్వేవాళ్ళు తవ్వి పోతారు, పోగులు అతికేవాళ్ళు తర్వాత కారులో వస్తారు. ఈమె మాత్రం తవ్వడం అయిపోయాక కూడా అక్కడే కూర్చుని అతకడం చూసేది. ఒకరోజు అతికేవాడు రాలేదు. కాంట్రాక్టర్ తల పట్టుకుని కూర్చున్నాడు.

“నేను అతుకుతాను, మిషన్ ఇయ్యన్నా అన్నాను. నవ్వినాడు. నవ్వడం అయినంక ఇచ్చినాడు,” అంటుంది.

వైర్ల లైన్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసిన చెయ్యి కదా, వణకదు. అప్పటి నుంచి కృష్ణగిరి, కావేరిపట్టణం, హోసూరు, ఎక్కడ పని ఉంటే అక్కడికి పోయింది. కానీ ఎక్కడా ఆమె పేరు లేదు. పని ఆమెది, సంతకం ఇంకొకరిది. ఒక కాంట్రాక్టర్ కింద ఇంకో కాంట్రాక్టర్, వాడి కింద ఈమె. పదకొండేళ్ళు ఇట్లాగే నడిచింది. తళి పని వచ్చేదాకా.

తళి పక్కన గులాబీ తోటలున్నాయి. ప్లాస్టిక్ కప్పిన ఆరు షెడ్లు, పూలు కోసి కట్టలు కట్టే హాలు, దానికి ఆనుకుని ఆఫీసు. ఏడు వందల మీటర్ల దూరంలో, వాలు కింద కొత్తగా కోల్డ్ స్టోరేజీ కట్టారు. ఆ చల్లగది ఎంత చల్లగా ఉందో ఆఫీసులో నిమిషం నిమిషానికీ తెలియాలి, ఆ లెక్క లేకుండా పూలు కొనేవాళ్ళు పెట్టెలు ముట్టుకోరు. చిక్కేమిటంటే, ఆఫీసులో ఉన్న స్విచ్ ఒక కంపెనీది. చల్లగది మిషన్లతో పాటు వచ్చిన స్విచ్ ఇంకో కంపెనీది.

బెంగుళూరు నుంచి వచ్చిన ప్రజ్వల్ అనే సేల్స్ ఇంజనీరు, రెండు కంపెనీల పెట్టెలు కలపడం ప్రమాదమనీ, షెడ్లతో సహా అన్నీ తమ కంపెనీవే పెట్టుకోవాలనీ చెప్పాడు. మాదేశ్, అంటే అంగాళమ్మ భర్త, ఆ తోట పూలు టెంపోలో తోలేవాడు. అతని నోట ఈ సంగతి విని ఆమె నేరుగా మేనేజర్ శశికుమార్ దగ్గరికి వెళ్ళింది.

“పెట్టెలు మార్చే పనే లేదు సార్. వెలుగుకు కంపెనీ లేదు. నేను కలిపి చూపిస్తాను.”

శశికుమార్ ఆలోచించి ఒక మాట అన్నాడు. “ముందు చల్లగది కలుపమ్మా. బుధవారం సాయంత్రం నాలుగింటికి నేను ఆర్డరు పెట్టాల. అప్పటికి లైను వచ్చి నిలబడితే ఆరు షెడ్ల పనీ నీ పేరు మీదే రాస్తాను. రాలేదనుకో, ప్రజ్వల్ చెప్పినట్లే చేస్తాను. తరువాత నా దగ్గరికి వచ్చి ఏడవకూడదు.”

“మీ దగ్గర ఏల ఏడుస్తాను సార్, ఇంట్లో ఏడుస్తాను,” అందట ఆమె.

నీ పేరు మీదే అన్న ఆ మాట ఆమెను పట్టుకుంది. పోగు వేయడం, చివర్లు అతకడం, చల్లగది వైపు మాడ్యూల్ పెట్టడం వారం ముందే ముగించింది. ఆఫీసు వైపు మాత్రం మిగిలింది, ఎందుకంటే అక్కడ స్విచ్ క్యాబినెట్‌ను ఒక గోడ నుంచి ఇంకో గోడకు మారుస్తున్నారు.

బుధవారం నేనూ వెళ్ళాను. పేరు రాసే మిషన్ అవసరం పడుతుందేమోనని ఓనర్ నాతో ఇచ్చి పంపాడు. ఆమె స్కూటీ వెనక కూర్చుని తళి రోడ్డు ఎక్కేసరికి చలి మొదలైంది. ముందర క్యాబేజీ మూటల లారీ, దాని వెనక మేము.

“ఓవర్‌టేక్ చెయ్యక్కా.”

“ఎందుకప్పా, అది పోయే చోటికే మనమూ పోతా ఉండాము.”

ఆఫీసుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. ప్రజ్వల్ అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో గుర్తింపు కార్డు. మంచివాడే, వెంటనే లేచి అంగాళమ్మకు కుర్చీ ఇచ్చాడు. ఆమె కూర్చోలేదు. సంచీలోంచి పౌచ్ తీసి, అందులో ఒక మాడ్యూల్ ఎంచి, మూతి మీది రబ్బరు మూత తీసి స్విచ్‌లోకి తోసింది. తెర మీద చూసింది. స్విచ్ పేరు చదివింది, ఒప్పుకుంది. అప్పుడు పసుపు పోగు గుచ్చింది.

లైటు వెలగలేదు.

అందరం ఆ చిన్న లైటు వైపే చూస్తూ నిలబడ్డాం. ప్రజ్వల్ గొంతు సవరించుకున్నాడు.

“నేను చెప్పినాను కదా సార్.”

“ఉండప్పా, ఇంకా మూడుంబావు కూడా కాలేదు,” అన్నాడు శశికుమార్.

అంగాళమ్మ నన్ను చల్లగదికి పరిగెత్తించింది. అక్కడి స్విచ్ తెరలో, వచ్చే వెలుగు ఎంత ఉందో అంకె చూసి ఫోన్‌లో చెప్పాలి. వాలు దిగాను, చూశాను, చెప్పాను. అంకె బాగుంది. అంటే ఆఫీసు నుంచి చల్లగదికి వెలుగు బాగానే పోతోంది. తిరిగి ఎక్కి వచ్చేసరికి నాకు ఊపిరి ఆడలేదు. ఆఫీసులో మాత్రం చల్లగది నుంచి వచ్చే వెలుగు ఉందా లేదా అన్నట్టుంది. చాలనంత తక్కువ.

ఆమె ఆ మాడ్యూల్ తీసి పౌచ్‌లోంచి ఇంకోటి పెట్టింది. అదే వరస. మూడోది పెట్టింది. అదే.

“మూడు మార్చినారు మేడమ్,” అన్నాడు ప్రజ్వల్, మెల్లగానే. “మూడూ చెడిపోయి ఉండవు కదా. స్విచ్‌కు ఇవి పడలేదు. బయటి మాడ్యూళ్ళు ఇట్లనే చేస్తాయి.”

నిజం చెప్తున్నాను, నాకూ అదే అనిపించింది. ఒకటి చెడితే మాడ్యూల్ తప్పు, మూడూ చెడితే మనిషి తప్పు. శశికుమార్ గోడ గడియారం చూశాడు. మూడూ ముప్పై అయిదు.

“పడకపోతే పేరే చదవదు కదప్పా,” అంది అంగాళమ్మ. అతని వైపు తిరగలేదు. “పేరు చదివింది, లోపలికి రానిచ్చింది. రానిచ్చినంక కంపెనీ పని అయిపోయింది. ఇప్పుడు తక్కువ ఉండేది వెలుగు. వెలుగు యాడో అడ్డం పడతా ఉండాది.”

స్విచ్ నుంచి గోడ పెట్టె దాకా ఉన్న పొట్టి పోగు మార్చింది. లాభం లేదు. గోడ పెట్టె దగ్గర పోగు విప్పి కొలిచింది. అక్కడిదాకా వెలుగు నిండుగా వస్తోంది. ఇక మిగిలింది మాడ్యూల్ ఒక్కటే. సంచీ అడుగు నుంచి పెన్ను లాంటి భూతద్దం తీసింది. దానికి చిన్న తెర ఉంటుంది. మాడ్యూల్ మూతిలో రెండు రంధ్రాలుంటాయి, ఒకటి వెలుగు పంపేది, ఒకటి అందుకునేది; అందుకునే దాంట్లో పెట్టి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తెర నా వైపు తిప్పింది.

బూడిద రంగు గుండ్రంలో, నట్టనడుమ, పచ్చని బండలు. గులకరాళ్ళంత కనిపిస్తున్నాయి.

“ఏందక్కా ఇది?”

“పసుపు.”

ఆమె నేల మీదే చతికిలపడింది. రెండోది చూసింది, మూడోది చూసింది. అన్నిట్లోనూ అదే. నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది.

“మొన్న ఆయుధపూజకు సామాన్లంతా పీట మీద పెట్టినానప్పా. అతికే మిషను, కత్తెర, పట్టకారు, ఈ పౌచ్‌లో ఉండేవి ఆరూ. అన్నిటికీ పసుపు, గంధం బొట్టు పెట్టినాను. వీటికి రబ్బరు మూతలు ఉన్నాయి కదా, మొకం మూసి పూజ చేస్తే ఏం బాగుంటుందని మూతలు తీసినాను. మంగళారతి అయినంక మళ్ళా పెట్టినాను. బొట్టు అన్నిటికీ ఒకే పక్క పెట్టినాను, ఎండి రాలి ఆ పక్క రంధ్రంలోకి పోయినట్లుండాది. పైన నేనే మూత వేసి భద్రం చేసినాను.”

చల్లగది వైపుది పూజకు ముందే పెట్టింది కాబట్టి దానికేమీ కాలేదు. పౌచ్‌లో ఉన్నవాటికే పట్టింది. మన సిప్‌కాట్‌లో ఆ పూట లేతు మిషన్ నుంచి లారీ టైరు దాకా బొట్టు లేనిది ఏదీ ఉండదు. లేతు మిషన్‌కు బొట్టు పెడితే ఏమీ కాదు. జుట్టు కంటే సన్నని దారిలో వెలుగు తోలే సామానుకు పెడితే ఇదీ గతి.

“పొట్టి పోగు చెడిపోయిందని చెప్పేయక్కా,” అన్నాను గుసగుసగా. “తుడిచి పెట్టేస్తే వస్తుంది కదా. ఎవరికి తెలుస్తుంది?”

ఆమె నన్ను చూసింది. మూడేళ్ళ కిందట కౌంటర్ దగ్గర చూసిన చూపే.

“చెప్తే మళ్ళా షెడ్లలో ఏదన్నా పోతే, సార్ పొట్టి పోగులు మారుస్తా కూర్చుంటాడు. ఏం మాటప్పా అది.”

లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది.

“సార్, తప్పు నాది. మాడ్యూళ్ళ తప్పు కాదు, ఆ స్విచ్‌ది కాదు, ఈ స్విచ్‌ది కాదు. ఆయుధపూజ దినం మూతలు తీసి పసుపు పెట్టినాను. లోపల పడింది. ఇప్పుడు తుడిచి పెడతాను. వస్తే చూడండి, రాకుంటే మీ ఆర్డరు మీరు పెట్టుకోండి.”

ప్రజ్వల్ నవ్వు ఆపుకోవడానికి చాలా కష్టపడ్డాడు, కానీ కుదరలేదు. “మేడమ్, మాడ్యూల్‌కు పూజనా?”

“ఏమప్పా, నాకు అన్నం పెట్టేది అదే కదా. మీ బైకుకు చెయ్యలేదా?”

“చేసినాను,” అని ఒప్పుకున్నాడు ప్రజ్వల్. “నిమ్మకాయలు కూడా తొక్కించినాను.”

శశికుమార్ తల తిప్పాడు. అతని చూపు స్విచ్ క్యాబినెట్ మీదికి పోయింది. అద్దం తలుపు మీద మూడు విభూతి గీతలు, నడుమ రూపాయంత కుంకుమ, పైన వాడిపోయిన బంతిపూల దండ. అది ఎవరు పెట్టారో అడగాల్సిన పని లేకుండా అతని చెవులు ఎర్రబడ్డాయి.

“తుడువమ్మా, తుడువు. టైమ్ అవతా ఉంది,” అన్నాడు.

ఎండిన గంధం ఒక పట్టాన వదల్లేదు. సన్నని దూది పుల్లను స్పిరిట్‌లో ముంచి, ఒక్కసారి తిప్పి, ఆ పుల్ల పారేసి కొత్తది తీసుకుంది. భూతద్దంలో చూసింది. మళ్ళీ ఇంకో పుల్ల. ఆమె చెయ్యి నిదానంగా ఉంది. గోడ గడియారంలో నాలుగుకు పది నిమిషాలు ఉంది. ఏడో పుల్లకు గుండ్రం మధ్య శుభ్రంగా కనిపించింది. మాడ్యూల్ లోపలికి తోసింది, పోగు గుచ్చింది.

పచ్చ లైటు వెలిగింది.

తెర మీద చల్లగది అంకె వచ్చింది. నాలుగు పాయింట్ రెండు డిగ్రీలు. నిమిషం తర్వాత మళ్ళీ నాలుగు పాయింట్ రెండు. శశికుమార్ నమ్మకుండా కింద ఉన్నవాళ్ళకు ఫోన్ చేసి తలుపు తెరవమన్నాడు. అంకె మెల్లగా ఆరుకు ఎక్కింది. మూయమన్నాడు. దిగింది. చిన్నపిల్లాడిలా మళ్ళీ తెరవమన్నాడు.

“పూలు వాడిపోతాయి సార్, చాలించండి,” అంది అంగాళమ్మ.

ప్రజ్వల్ ఊరుకోలేదు. ఊరుకోకపోవడం అతని పని. “సార్, ఈ దినం వచ్చింది సరే. ఆర్నెల్లకు స్విచ్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తారు. అప్పుడు ఈ మాడ్యూల్‌ను వద్దనొచ్చు. నేను చూసినాను అట్ల.”

ఆమె అబద్ధమని కొట్టిపారేస్తుందనుకున్నాను.

“అవును, అనొచ్చు,” అంది. నోటు పుస్తకం తీసి ఒక పేజీ చూపించింది. “కావేరిపట్టణంలో ఒక మిల్లులో అట్లనే అయింది. అందుకే సాఫ్ట్‌వేర్ వేసే ముందు నాకు ఫోన్ చెయ్యాల. కంపెనీ సొంత మాడ్యూల్ ఒకటి బీరువాలో పెట్టుకోవాల. స్విచ్ వీటిని తోసేస్తే దాన్ని పెట్టి లైను నిలబెట్టి, తక్కినవాటికి పేరు మార్చి రాయిస్తాను. ఇది కూడా కాయితంలో రాయండి సార్. నోటి మాట వద్దు.”

ప్రజ్వల్ ఆ పేజీ వైపు వంగి చదవడం మొదలుపెట్టాడు. తర్వాతి పేజీ కూడా తిప్పాడు. ఆమె వద్దనలేదు.

నాలుగింటికి శశికుమార్ కంప్యూటర్ ముందు కూర్చుని పని ఉత్తర్వు టైపు చేయడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో కొట్టే మనిషి. ఒకచోట ఆగాడు.

“పని తీసుకునేవారి పేరు?”

అంగాళమ్మ నోరు తెరిచింది, మూసింది. పదకొండేళ్ళుగా ఆ ప్రశ్నకు ఎవరో ఒక కాంట్రాక్టర్ పేరు చెప్పడమే అలవాటు. ఆ పేరే నాలుక మీదికి వచ్చి ఉంటుంది.

“నాదే సార్,” అంది చివరికి.

“నీదేనమ్మా, చెప్పు, టైపు చెయ్యాల కదా.”

“అంగాళమ్మ. బేరిగై.”

అచ్చయి వచ్చిన కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మొదటి వరస మాత్రం చదివింది. మడిచి నోటు పుస్తకంలో పెట్టుకుంది. మరుక్షణం ముఖంలోని ఆ మెరుపు పోయింది, పని ముఖం వచ్చేసింది. టేపు చుట్ట తీసుకుని ఒకటో షెడ్డు వైపు నడిచింది. నాకు బస్సు టైమ్ అయింది, మిషన్ షాపులో అప్పగించాలి. గేటు దాకా వచ్చి వెనక్కి చూశాను.

గులాబీ మొక్కల వరసల నడుమ, టేపు ఒక కొస ప్రజ్వల్ చేతిలో ఉంది. ఇస్త్రీ చొక్కా ముళ్ళకు తగలకుండా పక్కకు ఒరిగి నడుస్తున్నాడు.

“ఊరికే నిలబడకుండా చదువప్పా, ఎంత?” అని ఇంకో కొస నుంచి అరిచింది అంగాళమ్మ.

“రెండు వందల ముప్పై నాలుగు అడుగులు!”

“మలుపు దగ్గర టేపు ఒంగింది, సరిగ్గా పట్టు. మళ్ళా చదువు.”

“రెండు వందల ముప్పై ఒకటి మేడమ్!”

ఆమె రాసుకుంది.